రేవు మూస్తే ఊరు మూసినట్టే

గోదారి పొంగితే కోనసీమలో మొట్టమొదట ఆగేది పంటు. కోటిపల్లి రేవులోనో, సఖినేటిపల్లి రేవులోనో ఎర్రనీళ్లు మెట్లెక్కగానే తాళ్లు బిగించి కట్టేస్తారు. ఇక అటువాళ్లు అటే, ఇటువాళ్లు ఇటే. లంక ఊళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. పాలు ఒడ్డుకు చేరవు. అరటి గెలలు గట్టు మీదే ముగ్గిపోతాయి. నెలలు నిండిన ఆడమనిషి ఉన్న ఇంట్లో ఎవరికీ కంటిమీద కునుకుండదు. అప్పుడు రెవెన్యూ వాళ్లు నాటుపడవలు తెప్పిస్తారు. ముందు ఎవరు ఎక్కాలో, ఎన్ని బస్తాలు వెయ్యాలో వాళ్లే చెబుతారు. ఎవరూ కాదనరు. ఎందుకంటే ఆ పడవ వచ్చింది మనిషిని ఒడ్డుకు చేర్చడానికి. వరద తీశాక ఎవరి పడవ వాళ్లది.

అదే పడవ తుపాకీ పట్టుకున్నవాడి చేతిలోకి వెళ్తే? నాలుగు రోజులు కాదు, నాలుగేళ్లు అక్కడే ఉండిపోతే? మనిషిని ఒడ్డుకు చేర్చడానికి కాక, బియ్యం ఒడ్డుకు చేరకుండా ఆపడానికే అయితే?

ఇదేమీ ఊహ కాదు. బంగాళాఖాతానికి అవతలి ఒడ్డున, బర్మాలో, స్వాతంత్య్రం వచ్చిన దగ్గర్నుంచీ విడతలు విడతలుగా జరుగుతున్నదే. ఆ దేశానికి 1989లో మయన్మార్ అని పేరు మార్చారు. మన పెద్దవాళ్లకు మాత్రం అది బర్మాయే. రంగూను ‘రంగమే’. ఆ కథలో మనవాళ్లూ ఉన్నారు.

కోరంగి నుంచి రంగం దాకా

ఎదుర్లంక దగ్గర గౌతమి దాటితే యానాం. యానాం దాటి కాస్త ముందుకెళ్తే కోరంగి. ఇప్పుడు కోరంగి అంటే మడ అడవులు, పర్యాటకుల పడవలు. ఒకప్పుడది ఓడలు కట్టే రేవు. సముద్రం మీద దెబ్బతిన్న ఓడలు మరమ్మతు కోసం అక్కడికి వచ్చేవి. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన ఆ వైభవాన్ని ఊడ్చేసింది. ఓడలు బళ్లవుతాయన్న మాట కోరంగి విషయంలో అక్షరాలా నిజమైంది.

ఊరు చితికినా పేరు మాత్రం సముద్రం దాటింది. బర్మాలో తెలుగువాణ్ణి ‘కోరంగీ’ అనేవారు. శ్రీకాకుళం నుంచి వెళ్లినా, విశాఖ నుంచి వెళ్లినా, గోదావరి జిల్లా నుంచి వెళ్లినా అక్కడ కోరంగీయే. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల నుంచి రంగానికి స్టీమర్లు నడిచేవి. మేస్త్రీ ముందుగా కొంత డబ్బు అప్పిచ్చి ఓడ ఎక్కించేవాడు. దిగినప్పటి నుంచి ఆ అప్పు తీరేదాకా వాడి కిందే పని.

ఏం పని? బర్మా ప్రపంచానికి బియ్యం పెట్టే దేశం. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఏటా 30 లక్షల టన్నులు ఎగుమతి చేసేది. ఆ ధాన్యం పండేది ఐరావతి డెల్టాలో. కోనసీమలాగే అక్కడా ఏ ఊరికి ఆ ఊరు ఒక లంక. పాయలు, కాలవలు, మళ్లీ పాయలు. రోడ్డు తక్కువ, నీళ్లు ఎక్కువ. పొలం నుంచి మిల్లుకు, మిల్లు నుంచి ఓడకు ధాన్యం పడవ మీదే రావాలి. పడవల్లోంచి బస్తా దించి మిల్లులో వేసిన భుజాల్లో, మిల్లులోంచి ఓడకు ఎక్కించిన భుజాల్లో ఎక్కువభాగం తెలుగువాళ్లవి. 1931 జనాభా లెక్కల ప్రకారం రంగం నగరంలో సగానికి పైగా భారతీయులే.

ఆ బతుకూ నల్లేరు మీద బండి నడక కాదు. 1930 మే నెలలో రేవు కూలీలైన మనవాళ్లు కూలి రేట్ల కోసం సమ్మె చేశారు. వాళ్ల స్థానంలో బర్మా వాళ్లను పెట్టుకున్నారు. సమ్మె తీరాక కొత్తవాళ్లను పొమ్మన్నారు. మే 26న మొదలైన గొడవల్లో వందమందికి పైగా చనిపోయారు. చచ్చినవాళ్లలో ఎక్కువమంది తెలుగు కూలీలే. రేవు పని ఎవరి చేతిలో ఉండాలన్న తగువు అంత రక్తం తాగింది. ఇక రేవులూ, నదీ మొత్తంగా ఎవరి చేతిలో ఉండాలన్న తగువు మొదలైతే ఎంత తాగుతుందో ఆలోచించవచ్చు.

పుట్టుకతోనే సైన్యం పడవలు

ఐరావతి మీద స్టీమరు కూత మొదట వినిపించింది వ్యాపారం కోసం కాదు, యుద్ధం కోసం. 1824-26 నాటి మొదటి బర్మా యుద్ధంలో ఇంగ్లీషువాళ్లు ‘డయానా’ అనే ఆవిరి పడవను నదిలోకి దింపారు. తెడ్లు వేసుకుంటూ వచ్చే బర్మా రాజు యుద్ధపడవలు దాని ముందు నిలవలేకపోయాయి. ఆ యుద్ధంలో మద్రాసు ఇంజినీర్ల దళం తరఫున పనిచేసిన కుర్ర అధికారుల్లో ఒకరు ఆర్థర్ కాటన్. తర్వాత ధవళేశ్వరం ఆనకట్ట కట్టి, కోనసీమలో ఊరూరా విగ్రహమై నిలిచిన కాటన్ దొరే!

1852లో రెండో యుద్ధం. దిగువ బర్మా ఇంగ్లీషువాళ్ల వశమైంది. ఆ అవసరాల కోసం ప్రభుత్వం నడిపిన స్టీమర్లను తర్వాత అమ్మకానికి పెట్టారు. వాటిని కొనుక్కుని 1865లో పుట్టిందే ఇరావడీ ఫ్లొటిల్లా కంపెనీ. యుద్ధం చేసిన పడవలు ఇప్పుడు బియ్యం, ఉప్పు, ఎండుచేపలు మోయడం మొదలుపెట్టాయి.

అయితే ఆ మోత ఇరవై ఏళ్లే. 1885 నవంబరులో మూడో యుద్ధం వచ్చేసరికి కంపెనీ స్టీమర్లన్నీ మళ్లీ సైన్యం కిందికి వెళ్లాయి. వాటి పక్కన కట్టే పెద్ద సరుకు బల్లకట్టుల మీద సుమారు పదివేల మంది సైనికులను ఎక్కించారు. సేనాని ప్రెండర్‌గాస్ట్. ఆయనదీ కాటన్ దొర పనిచేసిన మద్రాసు ఇంజినీర్ల దళమే. నవంబరు 14న కదిలిన పడవలు 28వ తేదీకల్లా మాండలే చేరాయి. రెండు వారాల్లో రాజ్యం పోయింది. మర్నాడు థీబా రాజును రాణితో సహా ‘తూరియా’ అనే కంపెనీ స్టీమరే ఎక్కించి తీసుకుపోయారు. ఆయన మిగిలిన జీవితమంతా మన దేశంలోని రత్నగిరిలో గడిచింది.

నది ఎవరిదో రాజ్యం వాడిది. ఈ పాఠం బర్మాను ఏలిన ఏ సైన్యమూ మర్చిపోలేదు.

పెంచిన చేతులే ముంచేశాయి

1920ల నాటికి కంపెనీకి ఆరు వందలకు పైగా పడవలు. ఏటా సుమారు 90 లక్షల మంది ప్రయాణికులు. నదుల మీద నడిచే ప్రైవేటు పడవల దళాల్లో ప్రపంచంలో అంత పెద్దది మరొకటి లేదని పేరు. సరంగులు, కళాసీల్లో ఎక్కువమంది చిట్టగాంగు వాళ్లు. రేవుల్లో సరుకు మోసేది మనవాళ్లు.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగం మీద బాంబులు వేశాయి. రేవు కూలీలు వేలమంది నగరం వదిలేశారు. 1942 మార్చి 8న రంగం పడిపోయింది. (ఏప్రిల్ 6న కాకినాడ, విశాఖల మీదా బాంబులు పడ్డాయి.) కంపెనీ పడవలు ఒకపక్క సైన్యాన్నీ, మరోపక్క పారిపోయే జనాన్నీ ఎగువకు మోశాయి. ఏప్రిల్ చివరికి ఇక ఎగువన కూడా చోటు లేకపోయింది. శత్రువు చేతికి ఒక్క పడవా చిక్కకూడదన్నారు. మాండలే రేవులో లంగరేసి ఉన్న స్టీమర్లను వరసపెట్టి కంపెనీ వాళ్లే ముంచేశారు. నది పొడవునా అదే పని. మొత్తం దళంలో అత్యధిక భాగం కొద్ది నెలల్లో నదీగర్భంలోకి వెళ్లిపోయింది. ఏప్రిల్ 30న ఆవా వంతెనను కూడా పేల్చేశారు.

పడవా లేదు, వంతెనా లేదు. మిగిలింది కాలినడక. బర్మాలోని సుమారు పది లక్షల భారతీయుల్లో నాలుగైదు లక్షల మంది అడవులూ కొండలూ పట్టుకుని స్వదేశానికి నడిచారు. వేలాదిమంది దారిలోనే రాలిపోయారు. బతికి వచ్చినవాళ్ల కథలు ఉత్తరాంధ్రలో, గోదావరి జిల్లాల్లో పాతతరం నోట చాలాకాలం వినిపించాయి.

అదే ఏడాది సరిహద్దుకు ఇవతల బెంగాలులోనూ పడవల మీద వేటు పడింది. జపాన్ వాళ్లు వస్తే వాడుకుంటారన్న భయంతో తీరప్రాంత జిల్లాల్లో పదిమందికి మించి ఎక్కగల పడవలన్నింటినీ అప్పగించమన్నారు. 66 వేల పైచిలుకు పడవల్లో సుమారు 46 వేలు జనం చేతిలోంచి పోయాయి. కొన్నింటిని తగలబెట్టారు, కొన్నింటిని కుళ్లిపోనిచ్చారు. జాలరికి వేట లేదు. అవతలి గట్టు మీది చేలోకి వెళ్లే దారి రైతుకు లేదు. ధాన్యం ఉన్న ఊరి నుంచి లేని ఊరికి రాదు. జపాన్ వాళ్లు రాలేదు. 1943లో కరువు వచ్చింది. సుమారు ముప్ఫై లక్షల మంది చనిపోయిన ఆ మహాక్షామానికి కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో పడవలు లాక్కోవడం ఒకటని ఆనాటి ప్రభుత్వ విచారణ సంఘం కూడా చర్చించింది.

సొంత సైన్యం, సొంత నది

1948 జనవరి 4న బర్మాకు స్వాతంత్య్రం వచ్చింది. మార్చి నెలాఖరుకే కమ్యూనిస్టులు ఆయుధాలు పట్టారు. జూన్ 1న ప్రభుత్వం ఫ్లొటిల్లా కంపెనీని జాతీయం చేసింది. నది ఇక ప్రజల సొత్తు అన్నారు. 1949 జనవరి చివర కరెన్లు కూడా తిరగబడ్డారు. రంగానికి కూతవేటు దూరంలోని ఇన్సీన్‌ను పట్టుకుని మే దాకా వదల్లేదు. మార్చిలో మాండలే సైతం కొన్నివారాలు ప్రభుత్వం చేజారింది. విదేశీ పత్రికలు దాన్ని బర్మా ప్రభుత్వం అనడం మానేసి ‘రంగూన్ ప్రభుత్వం’ అని వెక్కిరించాయి.

రైలు పట్టాలు తెగిపోయాయి. వంతెనలు కూలిపోయాయి. ఇక దేశానికి నడుము నదే. నౌకాదళం పడవ ముందు నడిస్తే దాని వెనక సరుకు పడవలు గుంపుగా కదలాలి. ఒంటరిగా వెళ్తే దోపిడీయో, తూటాయో తప్పదు. డెల్టాలో ఒక వంపు ప్రభుత్వానిది, తర్వాతి వంపు కరెన్లది, ఆపై వంపు కమ్యూనిస్టులది. ప్రతి వంపులోనూ చెయ్యి చాచేవాడు ఒకడు ఉంటాడు. యుద్ధానికి ముందు 30 లక్షల టన్నులున్న బియ్యం ఎగుమతి సగానికంటే కిందికి పడిపోయింది. పొలాలు ఎక్కడికీ పోలేదు. ఉన్న ధాన్యం రేవు దాకా రావడమే గగనమైంది.

1962 మార్చి 2న జనరల్ నెవిన్ గద్దెనెక్కాడు. దుకాణాలూ మిల్లులూ జాతీయం చేశాడు. మూడు లక్షల మంది దాకా భారతీయులు మరోసారి మూటాముల్లె సర్దుకున్నారు. ఈసారి ఓడల మీద వచ్చారు. విశాఖలోని బర్మా క్యాంపు ఆ రోజుల గుర్తే. వెళ్లలేనివాళ్లు, వెళ్లనివాళ్లు అక్కడే ఉండిపోయారు. మౌల్మీన్ చుట్టుపక్కల ఊళ్లలో, రంగంలో వాళ్ల మనవలూ మునిమనవలూ ఇప్పటికీ ఉన్నారు.

ఆ తర్వాత సైన్యం ఒక సిద్ధాంతం తయారుచేసింది. దాని పేరు ‘నాలుగు కోతలు’. తిరుగుబాటుదారులకు తిండి, డబ్బు, సమాచారం, కొత్త మనుషులు... ఈ నాలుగూ అందకుండా కోసెయ్యాలి. 1960ల చివర్లో దాన్ని అమలుచేసి చూపించిన చోట్లలో ఐరావతి డెల్టా ఒకటి. రోడ్లు లేని డెల్టాలో నాలుగు కోతలూ పడేది ఒక్కచోటే. పడవ మీద. బియ్యం వెళ్లేది పడవలో, డబ్బు వెళ్లేది పడవలో, కబురు వెళ్లేది పడవలో, మనిషి వెళ్లేదీ పడవలోనే. పడవ నడిపేవాడు రైతా, జాలరా, తిరుగుబాటుదారా అని తేల్చుకునే ఓపిక తుపాకీకి ఉండదు.

మిసిసిపీ మూస్తే దుమ్ముగూడెం కదిలింది

అంతర్యుద్ధంలో నదిని బిగించడం బర్మాతో మొదలైన విద్య కాదు. 1861-65 మధ్య అమెరికా రెండుగా చీలి కొట్టుకున్నప్పుడు ఉత్తరాది సైన్యం మొదట కన్నేసింది మిసిసిపీ నది మీదే. 1862 ఏప్రిల్‌లో నది ముఖద్వారం దగ్గరి న్యూ ఆర్లియన్స్‌ను పట్టుకుంది. 1863 జూలై 4న విక్స్‌బర్గ్ లొంగింది. వ్యాపారం చేసుకునే స్టీమర్లు సైనికులనూ ఫిరంగులనూ మోశాయి. సముద్రపు రేవులకూ దిగ్బంధం పడింది. దక్షిణాది పత్తి బేళ్లు గట్టు మీదే ఉండిపోయాయి.

ఆ దెబ్బకు ఇంగ్లండులో లాంకషైర్ మిల్లులు మూతపడ్డాయి. కూలీలు పస్తులున్నారు. మిల్లు యజమానుల చూపు మన దేశం మీద పడింది. బేరార్, నాగపూర్ ప్రాంతాల్లో పత్తి ఉంది, దాన్ని సముద్రానికి చేర్చే దారి లేదు. గోదావరిని బాగుచేస్తే పడవల మీద కాకినాడకు దించవచ్చు! కాటన్ ఎప్పట్నుంచో చెబుతున్న మాట అది. పి.గన్నవరం దగ్గర 49 ఖానాల పాత అక్విడక్టు కట్టి రాజోలు వైపు నీళ్లు మళ్లించిన హేగ్‌కే ఎగువ గోదావరి పనులూ అప్పగించారు. దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, పడవలు దాటే లాకు లేచాయి. ఈలోగా అమెరికాలో యుద్ధం ముగిసింది. పత్తి మళ్లీ అక్కణ్నుంచే రావడం మొదలైంది. ఇక్కడ రాళ్లూ, జ్వరాలూ, ఖర్చూ కలిసి 1871లో పథకాన్ని వదిలేశారు. దుమ్ముగూడెంలో ఆ రాతికట్టడాలు ఇప్పటికీ కనిపిస్తాయి.

ఎక్కడో ఒక సైన్యం ఒక నదిని మూస్తే దాని అల ఇక్కడి రేవు దాకా వస్తుందనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఇప్పటి ఐరావతి

2021 ఫిబ్రవరి 1న మయన్మార్ సైన్యం ఎన్నికైన ప్రభుత్వాన్ని కూలదోసింది. ఈసారి తిరుగుబాటు కొండజాతులకే పరిమితం కాలేదు. దేశానికి నడిమధ్యనున్న సగైంగ్ ప్రాంతంలో మామూలు బర్మా రైతుల పిల్లలే ఆయుధాలు పట్టారు. రోడ్ల మీద మందుపాతరలు. దాంతో సైన్యం మళ్లీ నదుల్లోకి దిగింది. ఐరావతి ఉపనది చింద్విన్ మీద మోనివా నుంచి ఎగువకు ఆయుధాలూ, తిండిగింజలూ, సైనికులూ పడవల బారులు కట్టి వెళ్లసాగారు. 2024 డిసెంబరులో కచిన్ దళాలు భామో పట్టణాన్ని ముట్టడించాక మాండలే నుంచి ఎగువకు వెళ్లే పడవల బారులదీ అదే వరస.

బారు కదిలినప్పుడు నది మీది మామూలు జనం పని ఏమవుతుంది? ముందు రేవులు మూస్తారు. వలలు తీసెయ్యమంటారు. సరుకు పడవలను పట్టి తమ బియ్యం, తమ డీజిలు ఎక్కిస్తారు. సరంగు కాదంటే వాడు శత్రువు. ఔనంటే అవతలి గట్టు మీద తుపాకీ పట్టుకున్నవాడికి శత్రువు. గట్టు మీదినుంచి కాల్పులు జరిగితే ఆ గట్టు మీది ఊరికి నిప్పు పెట్టిన సంఘటనలు చింద్విన్ పొడవునా ఉన్నాయి. ప్రతిఘటన దళాలు కూడా తక్కువ తినలేదు. తమ వంపులో సుంకం వసూలు చేసేవి, సైన్యం సరుకుందన్న అనుమానంతో పడవల మీద కాల్చేవి వాటిలోనూ ఉన్నాయి. ఏరు దాటేదాకా ఓడమల్లన్న, దాటాక బోడిమల్లన్న అంటారు. ఇక్కడ ఇద్దరికీ మల్లన్న కావాలి. మల్లన్న బతుకు మాత్రం ఎవరికీ పట్టదు.

అన్నిటికంటే ఘోరం రఖైన్‌లో జరిగింది. ఒకప్పటి అక్యాబు, ఇప్పటి సిట్వే దాని ముఖ్యపట్టణం. అక్కడి బియ్యం మిల్లుల్లోనూ ఒకనాడు మన కూలీలు చెమటోడ్చారు. 2023 నవంబరులో అరకాన్ ఆర్మీతో యుద్ధం తిరిగి మొదలవగానే సైన్యం ఆ రాష్ట్రానికి వెళ్లే రోడ్లతోపాటు జలమార్గాలనూ మూసేసింది. ఏడాది తిరిగేసరికి పదిహేడు టౌన్‌షిప్పుల్లో పద్నాలుగు అరకాన్ ఆర్మీ వశమయ్యాయి. యుద్ధం గెలిచిందెవరైనా అంగట్లో బియ్యం లేదు, మందుల్లేవు, ఎరువుల్లేవు. ధరలు అనేక రెట్లు పెరిగాయి. 2025 మార్చి - ఏప్రిల్ నాటికి అక్కడి పంట అక్కడి అవసరాల్లో అయిదో వంతుకే సరిపోతుందని, ఇరవై లక్షల మంది ఆకలి అంచున ఉన్నారని ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ 2024 నవంబరులో హెచ్చరించింది. వరి పండే డెల్టా సీమలో ఆకలి!

మన దేశం కూడా ఆ నీళ్లలో డబ్బు పోసింది. కోల్‌కతా నుంచి సిట్వేకు ఓడ, అక్కణ్నుంచి కలదాన్ నది మీద పలెత్వాకు పడవ, ఆపైన మిజోరానికి రోడ్డు... ఇదీ పథకం. సిట్వేలో మనం కట్టిన రేవు 2023 మేలో మొదలైంది. 2024 జనవరిలో పలెత్వా అరకాన్ ఆర్మీ చేతికి వెళ్లింది. రేవు ఒకరిది, నది మరొకరిది అయింది.

2025 మార్చి 28న భూకంపం వచ్చింది. 1942లో ఇంగ్లీషువాళ్లు పేల్చేసి, 1954లో తిరిగి కట్టిన ఆవా వంతెన ఈసారి భూమి కంపించి కూలిపోయింది. సగైంగ్‌కు సాయం తీసుకెళ్లే వాళ్లను తనిఖీల పేరుతో ఆపారన్న ఫిర్యాదులు అప్పుడూ వచ్చాయి.

బలిమెల చెప్పిన మాట

ఇంతదూరం వెళ్లకుండానే అర్థమయ్యే ఉదాహరణ ఒకటుంది. ఆంధ్రా - ఒడిశా సరిహద్దులో బలిమెల జలాశయం. ఆ సీలేరు నీళ్లే శబరిలో కలిసి, గోదావరిలో కలిసి కోనసీమ కాలవల్లోకి వస్తాయి. జలాశయం వెనక చిక్కుకుపోయిన పల్లెలను ‘కటాఫ్ ఏరియా’ అనేవారు. వాళ్లకు లాంచీయే బస్సు. సంతకు వెళ్లాలన్నా, రేషను బియ్యం రావాలన్నా, బడికి మాస్టారు రావాలన్నా లాంచీయే. 2008 జూన్ 29న ఆ నీళ్లలో గ్రేహౌండ్స్ పోలీసులు వెళ్తున్న లాంచీ మీద మావోయిస్టులు దాడిచేశారు. 38 మంది చనిపోయారు. వాళ్లలో తెలుగు కుటుంబాల పిల్లలు ఎందరో.

అది బర్మాలాంటి అంతర్యుద్ధం కాదు. కానీ నీటి మీద సూత్రం ఒకటే. పోరాడేవాళ్లకూ, పాలు అమ్ముకునేవాళ్లకూ దారి ఒకటే అయినప్పుడు ఆ దారి మీద ఎవరికీ ధీమా ఉండదు. కటాఫ్ పల్లెలకు ఊపిరి అందింది 2018 జూలైలో, గురుప్రియ వంతెన మొదలయ్యాక. 151 ఊళ్లు రోడ్డుకు కలిశాయి. ఒక్క దారి ఉన్నచోట రెండో దారి వస్తే, మొదటి దారిని పట్టుకుని జనాన్ని బిగించే శక్తి ఎవరికైనా తగ్గుతుంది.

చట్టం ఉంది... చేరినవాళ్లు లేరు

యుద్ధంలో కూడా కొన్ని తప్పులు తప్పులేనని ప్రపంచం రాసుకుంది. దేశం లోపలి యుద్ధాల కోసం 1977లో చేసిన జెనీవా అదనపు ఒప్పందం 14వ అధికరణంలో, పౌరులను ఆకలితో మాడ్చడాన్ని యుద్ధతంత్రంగా వాడకూడదని ఉంది. 2018 మేలో భద్రతామండలి 2417వ తీర్మానంలో అదే మాట మళ్లీ చెప్పింది. అయితే ఆ 1977 ఒప్పందంలో మయన్మార్ చేరలేదు. ఆ మాటకొస్తే మన దేశమూ చేరలేదు.

సైన్యం చెప్పుకునే కారణం లేకపోలేదు. శత్రువు కూడా ఆ పడవలే వాడతాడు, ఆ బియ్యమే తింటాడు. నిజమే. తనిఖీ చెయ్యడం వేరు, మూసెయ్యడం వేరు. పడవ ఆపి సోదా చేస్తే తుపాకులు దొరుకుతాయి. పడవే లేకుండా చేస్తే దొరికేది పిల్లల ఆకలే. బెంగాలులో 46 వేల పడవలు తీసేసినప్పుడు జపాన్ సైనికుడు ఒక్కడూ ఆగలేదు, ఎందుకంటే ఒక్కడూ రాలేదు. రఖైన్‌లో జలమార్గాలు మూసినా అరకాన్ ఆర్మీ ముందుకే వెళ్లింది. ఆగిపోయింది మాత్రం బియ్యం, మందులు, పురిటి మనిషి.

ఇంకో సంగతి. మునిగిన పడవ మళ్లీ తేలడానికి ఏళ్లు పడుతుంది. యుద్ధం ముగిసిన మర్నాడే నది తెరుచుకోదు. సరంగు పారిపోయి ఉంటాడు. ఇంజను ఎవరో విప్పుకుపోయి ఉంటారు. అప్పిచ్చే షావుకారు నమ్మడు. 1942లో మునిగిన ఫ్లొటిల్లా మళ్లీ ఆ స్థాయికి ఎన్నడూ చేరలేదు. ధాన్యం ఎగుమతిలో ప్రపంచానికి పెద్దన్నగా ఉన్న బర్మా ఆ స్థానాన్ని పోగొట్టుకోవడానికి ఉన్న కారణాల్లో ఆ మునిగిన పడవలూ ఉన్నాయి.

కోనసీమకు ఇది విడ్డూరంగా తోచే విషయం కాదు. రేవు మూసిన నాలుగు రోజుల్లోనే లంకలో ఉప్పు ధర ఎంతవుతుందో, జ్వరం మాత్ర ఎంత అపురూపమవుతుందో ఇక్కడ ప్రతి ఇంటికీ తెలుసు. అందుకే వరద రోజుల్లో పడవ మీద సర్కారు పెత్తనాన్ని ఇక్కడ ఎవరూ తప్పుపట్టరు. ఆ పెత్తనం మంచిదో చెడ్డదో తేల్చే కొలబద్ద కూడా లంకవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. పడవ ఎవరి చేతిలో ఉందన్నది కాదు, అవతలి గట్టు మీద పొయ్యి వెలిగిందా లేదా అన్నదే.